పాత యంత్రము, పచ్చిమేత

సంగారెడ్డి నుండి నాందేడు మీదుగా అకోలా వైపు సాగిపోవు 161వ జాతీయ రహదారి పిట్లము నొరసికొని పోవుచున్నది. వానకాలపు పంట చేతికి వచ్చు దినములలో ఆ దారిప్రక్కన ఒక్క జాము నిలిచి చూచినవానికి ఈ ప్రాంతపు సేద్యము ఏ దిక్కునకు నడచుచున్నదో వేరొకరు చెప్పనక్కరలేదు. వరికోత మిషన్లను మోసికొనివచ్చు లారీలు, గడ్డికట్టలు ఎత్తుగా పేర్చిన ట్రాలీలు, వాని నడుమ ఇరుకునబడి ఇంటికి మరలు బర్రెల మందలు, అన్నియు ఒకే దారి పట్టి పోవుచుండును. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర నిర్మాణముతో బాన్సువాడ, బోధను వైపు నేలలు కాలువనీటికిని వరికిని అలవాటుపడినవి. పిట్లము నుండి జుక్కలు, మద్నూరు వైపు పోయినకొలది రేగడిలో సోయా, కంది, మినుము, పత్తి, బోరుబావుల క్రింద వరి, నడుమనడుమ ఎర్రచెలకలలో జొన్న. ఒకనాడు ఈ జొన్నచొప్పయే దేవణి ఎడ్లకును బర్రెలకును సంవత్సరమంతయు ఆధారముగా నుండెను. నేడు జొన్న తగ్గినది, చొప్ప తగ్గినది. పాలక్యాను మాత్రము తెల్లవారకమునుపే పాలకేంద్రమునకు పోవలసియే యున్నది.

ఆ కొరత నుండియే ఈ సంవాదము పుట్టినది. చిత్తకార్తెలో ఒక సాయంకాలము మా పొరుగున నుండు పెద్దరైతు వాకిట వేపచెట్టు క్రింద నేను కూర్చుండియుండగా ఆయన మేనల్లుడు వచ్చెను. ఆరేండ్లు గల్ఫులో ఒక పాలశాలలో పనిచేసి తిరిగివచ్చిన యువకుడతడు. ఐదెకరముల భూమి, అందులో రెండెకరములకు బోరునీరు, కొట్టములో ఆరు బర్రెలు, అన్నగారి కొట్టాన 42 గుర్రపుశక్తి గల ట్రాక్టరు. రహదారిప్రక్క పాతయంత్రముల దుకాణములో అతడొక యంత్రమును చూచివచ్చినాడు. ఆంగ్లదేశములలో దానిని మోవర్ కండిషనర్ అందురు. గడ్డిని కోయుటయే గాక, కోసిన కాడను వెంటనే రోలర్ల నడుమ నలిపి, పాయగా నేలపై పరచుచుపోవు యంత్రమది. తొమ్మిదడుగుల వెడల్పుది. కొత్తదాని వెలలో నాలుగవవంతుకే వచ్చునట. బయానా ఇయ్యబోవుచు మేనమామతో ఒక్కమాట చెప్పిపోదమని వచ్చినాడు. ఆ ఒక్కమాట ఎన్నో దినములు సాగినది.

అల్లుడు: మామా, నేను పనిచేసినచోట పచ్చిక మొలవని ఇసుకనేలపై వేలకొలది ఆవులను సాకుచుండిరి. స్పెయిను నుండియు అమెరికా నుండియు ఓడలలో వచ్చిన లూసర్ను ఎండుమేత కట్టను విప్పినప్పుడు ఆకు ఇంకను పచ్చగనే యుండి, కమ్మని వాసన వేయుచుండెడిది. ఎండినగడ్డి యనగా మనకు తెలిసినది పసుపుపచ్చని వరిగడ్డియే. ఎండినను పచ్చదనము చెడని మేత యొకటి కలదని నాకు అక్కడనే తెలిసినది. దాని రహస్యము ఆ నలుపుటలో నున్నది. కోసిన మొక్కలో ఆకు పలుచన గనుక పూటలో ఎండిపోవును. కాడ లావు, పైని మైనపు పొర, లోని నీరు బయటికి వచ్చు దారి లేదు. కాడ ఎండువరకు ఆగితిమా, ఆకు పొడియై చేనులోనే రాలును. ఆకును నిలుపుకొనవలెనని తొందరపడి కట్టితిమా, కాడలోని తడికి కట్ట వేడెక్కి బూజుపట్టును. అలసంద, పిల్లిపెసరవంటి పప్పుజాతి మేతలలో మాంసకృత్తులు సగమునకు మించి ఆకులోనే యుండును గదా. కాడను నలిపినచో ఆకును కాడయు ఇంచుమించు కలిసి ఎండును. అమెరికాలో న్యూ హాలండు సంస్థ 1964లో కోతను, నలుపుటను ఒక్క యంత్రమున కలిపి 'హేబైన్' అను పేర విడిచినది మొదలు అక్కడి రైతు ఈ రెండు పనులకు చేనులోనికి రెండుమారులు పోవలసిన యక్కర తీరినది. అరువదేండ్లకు అది మన దారిప్రక్కకు వచ్చినది. మనము చూచి ఊరకుందుమా?

మామ: నీవు చెప్పినది నిజమే, బిడ్డా, యంత్రము మంచిదే. మంచి యంత్రము, మనకు కావలసిన యంత్రము, ఈ రెండును ఒక్కటేనా యని చూడవలెను గదా. నీకు ఆరు బర్రెలు. పచ్చిమేత లేని నూరుదినములకు బర్రెకు దినమొక్కింటికి ఐదు కిలోల మంచి ఎండుమేత వేసి, మిగిలినది వరిగడ్డితోను దాణాతోను నింపుదువనుకొందము. మూడు టన్నులు చాలును. కోసిననాడు జొన్నలో నూటికి ఎనుబది పాళ్లు నీరు. దాచునాటికి పదునైదు పాళ్లకు మించరాదు. ఆ లెక్కన నూరుకిలోల ఎండుమేతకు 425 కిలోల పచ్చిమేత కోయవలెను, అందులో 325 కిలోల నీటిని ఎండ మోసికొనిపోవలెను. మూడు టన్నులకు పదమూడు టన్నులకు కొంచెము తక్కువ. నీళ్లుపెట్టిన మేతజొన్న ఎకరమునకు కోతకు ఎనిమిది, తొమ్మిది టన్నులు వచ్చును. అనగా నీ అవసరమంతయు ఎకరంనర చేనులో ఒక్క కోత. తొమ్మిదడుగుల యంత్రము గంటకు ఆరు కిలోమీటర్ల నడకతో, మలుపులు పోను, మూడెకరములు కోయును. సంవత్సరమునకు అరగంట పనికి ఇంత ఇనుమును కొట్టములో కట్టివేసి సాకుదువా?

(ఈ లెక్కను ఆయన కాగితము ముట్టక, వేళ్ల కణుపులమీద వేసి చెప్పెను. నేను ఇంటికి వచ్చి కాగితముపై వేసి చూచితిని; ఎక్కడను తప్పలేదు.)

అల్లుడు: నా బర్రెలు ఆరే యని మీరు లెక్కకట్టితిరి, ఊరిలోని బర్రెలన్నిటి మాట యేమి? నలుగురికి బాడుగకు కోయుదును. మిగిలిన మేతను కట్టలుకట్టి అమ్ముదును. వరికోత మిషనును, బేలరును ఇంటింటికి కొనుచున్నారా? ఒకడు కొనును, ఊరంతయు బాడుగకు పిలుచును. అట్లే ఇదియును.

మామ: వరికోత మిషను ఒక తాలూకాలో పని ముగిసిన వెంటనే ఇంకొక తాలూకాకు పోవును, వడ్లు నాలుగుదినములు ఆగినను ఓర్చుకొనును. మేతకోతకు ఆ ఓర్పు లేదు. జొన్న పూతకు వచ్చినప్పుడు కోయవలెను, ఆకాశము తెల్లగా నున్నప్పుడు కోయవలెను. ఈ రెండును కలిసివచ్చు దినములు ఊరందరికి ఒక్కటే. పదిమంది ఒక్కనాడే పిలుతురు. మరి మన మడులను చూచితివా? పది గుంటలకొక ఒడ్డు, ఒడ్డుమీద తుమ్మచెట్టు, చెట్టుక్రింద రాతికుప్ప. పదునాలుగడుగుల బండిబాటలో ఇరుప్రక్కల కంప. ట్రాక్టరుకు ఓరగా తగిలించిన తొమ్మిదడుగుల యంత్రము మడిలో తిరుగుటకే సగము చేను తొక్కును. అది కంచెలు లేని పచ్చికబయళ్లకు పుట్టిన యంత్రము.

ఇంతవరకు మేనమామ మాటయే పైచేయిగా నుండెను. తరువాత అల్లుడు పలికిన మాటలో నాకు ఈ ప్రాంతపు పాడిరైతు కష్టమంతయు కనబడినది. కనుక దానిని అతడు చెప్పినట్లే వ్రాయుచున్నాను.

అల్లుడు: మామా, మన నేలలో గడ్డియున్నప్పుడు ఎండ లేదు, ఎండయున్నప్పుడు గడ్డి లేదు. మృగశిరలో వాన పడినది మొదలు ఒడ్లమీద, బీళ్లలో, చెలకలలో మోకాలెత్తు పచ్చన. బర్రెలు తిన్నంత తిని మిగిలినది ముదిరి కసవైపోవును. ఫాల్గుణము వచ్చునప్పటికి రాయి పగులు ఎండ, కొట్టములో గుప్పెడు పచ్చన లేదు, పాలు సగమునకు పడిపోవును. భాద్రపదములో కోసి దాచుకొనవలెనన్న రెండుదినముల తెరిపికంటె ఎక్కువ దొరకదు. ఉత్తరకార్తెలో మీరు కోసిన చొప్ప నిరుడేమైనది? నాల్గవనాడు వానకు నాని నల్లబడలేదా? నాలుగు దినముల ఎండ కావలసినచోట రెండు దినములతో పని తీర్చునట్టిది ఈ రోలరు. నేను కొనుచున్నది ఇనుమును గాదు మామా, ఆ రెండు దినములను కొనుచున్నాను.

మేనమామ వెంటనే బదులు చెప్పలేదు. లోనికి పోయి కుండలోని నీరు త్రాగి వచ్చి కూర్చుండెను.

మామ: ఆ మాటకు నా యొద్ద పూర్తి బదులు లేదు. అయినను రెండు సంగతులు విను. మొదటిది: నలిపిన కాడ త్వరగా ఎండుననుట యెంత నిజమో, నలిపిన కాడపై వాన పడినచో దాని సారము మరింత త్వరగా కడుగుకొనిపోవుననుటయు అంత నిజము. చెక్కుచెదరని కాడ కొంత కాచుకొనును. నలిగినదానికి ఆ కాపుదల లేదు. కనుక రెండుదినముల తెరిపి వచ్చునని నిజముగా తెలిసినప్పుడే ఆ రోలరు నీకు మేలుచేయును, తెలియనప్పుడు కీడుచేయును. రెండవది: గాలిలో చెమ్మ నిండియున్న పుబ్బ, ఉత్తర కార్తెలలో ఏ యంత్రమును గడ్డిని ఎండబెట్టజాలదు. యంత్రము కాడకు ద్వారము తీయును. నీటిని మోసికొనిపోవలసినది గాలియు ఎండయే. వానలలో కోసినదానిని ఎండబెట్టవలెనను పట్టు విడిచి పాతర వేసికొనుము. పాలగింజ పట్టిన జొన్ననో మక్కనో ముక్కలుగా కత్తిరించి, గుంతలో త్రొక్కి, గాలి చొరకుండ పట్టా కప్పి, పైన మన్ను వేసినచో నలువదియైదు దినములలో మాగుడుగడ్డి సిద్ధమగును. దానికి ఎండ అక్కరలేదు.

అల్లుడు: పాతర తెరచినపిమ్మట దినదినము ముఖమునుండి ఒక జానెడైనను తీయవలెను, లేనిచో గాలి తగిలినంతమేర కుళ్లును. ఆరు బర్రెలు అంత తినునా? నలువది బర్రెలవానికి పాతర లాభము. నావంటివానికి కట్టయే మేలు. కట్టను ఈ దినము విప్పవచ్చును, నెల తరువాత విప్పవచ్చును, పొరుగువానికి అమ్మవచ్చును.

మామ: అట్లయిన కోతదినమునే మార్చుము. స్వాతి దాటిన తరువాత మన గాలి పొడిగా వీచును. రాత్రి మంచు తప్ప వేరు శత్రువు లేదు. బోరు క్రింది రెండెకరములలో ముప్పది గుంటలకు వరి మానుము. మేతజొన్నను కార్తీక మార్గశిరములలో పూతకు వచ్చునట్లు వెనుకకు జరిపి విత్తుము. అప్పుడు యంత్రము లేకయే నాలుగైదు దినములలో ఎండును, ఆ నాలుగైదు దినములు ఆకాశము నిన్ను మోసగింపదు.

అల్లుడు: యాసంగి నీరు జొన్నకు పెట్టి, వరి విడువవలెనా?

మామ: వరికి త్రాగించు నీటిలో సగముకంటె తక్కువతో జొన్న పండును. బోరు మార్చి చివర ఎండిపోవు మన ఊరిలో అది నష్టమా?

ఆనాటికి మాట అచ్చట నిలిచినది. మరునాడు ప్రొద్దున ముగ్గురమును కలిసి దుకాణమునకు పోతిమి. ఆ దుకాణదారు పేరు నేనిచ్చట వ్రాయను. అతడు మాతో అసత్యమాడలేదు, అడుగనిదానిని చెప్పలేదంతే.

యంత్రము ఎర్రరంగుతో తళతళలాడుచుండెను. మేనమామ కండువా తీసి నడుమునకు బిగించి కట్టెను. తిరుగు యంత్రము దగ్గర వ్రేలాడు గుడ్డ యుండరాదని ఆయన నియమము. ట్రాక్టరు వెనుక నిమిషమునకు 540 చుట్లు తిరుగు పీటీఓ ఇరుసు కండువా కొసను పట్టెనా, మనిషి చేయి విడిపించుకొనులోగానే చుట్టివేయును. అందుకే మొదట ఆయన చూచినది ఆ ఇరుసుమీద ఉండవలసిన ప్లాస్టికు తొడుగును. అది లేదు. ఇరుసులో ఒకదానిలోనికొకటి జారవలసిన రెండు గొట్టములు తుప్పుతో కరచుకొని యుండెను. రాయి తగిలినప్పుడు జారి యంత్రమును కాపాడవలసిన క్లచ్చుపలకలు ఒకదానికొకటి అంటుకొనిపోయినవి.

తరువాత నేలపై గొంతుక్కూర్చుండి కోతపళ్లెములను ఒక్కొక్కదానిని చేతితో త్రిప్పెను. ఇది పళ్లెముల జాతి యంత్రము. పొడవైన ఇనుపపెట్టెలో నూనె నడుమ వరుసగా పళ్లచక్రములు, వానిపై తిరుగు పళ్లెములు, పళ్లెముల అంచున చిన్నబ్లేడులు. ఒక పళ్లెమును త్రిప్పిన అన్నియు కలిసి తిరుగవలెను. నాల్గవదాని దగ్గర చేతికి గరగర తగిలినది. అల్లుని చేయి తీసికొని దానిపై పెట్టించెను. పిమ్మట నూనెబిరడా విప్పించి వేలు ముంచి ఎండకు పట్టి చూపెను. నూనె మజ్జిగరంగుననున్నది, సీలు పోయి లోనికి నీరు దిగిన గుర్తది. వేలిమీద వెండిపొడివంటి మెరపు; అది అరిగిపోవుచున్న చక్రముల ఇనుము.

రోలర్ల యొద్ద మరికొంతసేపు నిలిచెను. రబ్బరు గాడులు ఒకదాని పల్లములో ఒకటి పడుచు తిరుగవలసినవి. నడుమ అరచేతియంత ముక్కలు రెండుచోట్ల ఊడిపోయినవి. అచ్చట నలుగక దాటిపోయిన కాడలు పాయలో పచ్చిగా నిలిచి, చుట్టునున్న ఎండినమేతకు కూడ బూజు తెచ్చును. చివరగా కీలుదగ్గర కొత్తరంగును గోటితో గీరెను, క్రింద వెల్డింగుగడ్డ. తయారీవారి రేకు ఉండవలసినచోట నాలుగు రంధ్రములు మాత్రమే యున్నవి. ఏ సంవత్సరపుదో, ఏ నమూనాదో తెలియనిచో దానికి కావలసిన చక్రమును ఏ దుకాణములో, ఏమని అడుగుదుము?

"ట్రాక్టరుకు తగిలించి పది నిమిషములు ఊరక త్రిప్పి చూపింపుడు" అని మేనమామ అడిగెను. తగిన గుర్రపుశక్తి గల ట్రాక్టరు ప్రస్తుతము దుకాణములో లేదని బదులు వచ్చినది. మేనమామ మాటాడక కండువా భుజముపై వేసికొని వెలికి వచ్చెను. దారిలో మరల మొదలైనది.

అల్లుడు: మీరు చూపిన లోపములన్నియు బాగుచేయదగినవే. బాన్సువాడలో లేతుమిషన్లు లేవా? బేరింగులు, సీలులు, రబ్బరు మార్పించిన ఖర్చును వెలలో తగ్గించి అడుగుదును. లోపములున్నవి గనుకనే నాలుగవవంతుకు వచ్చుచున్నది. లోపములేని పాతయంత్రము మనవంటివానికి అందు వెలలో ఎక్కడ నుండును?

మామ: పాతది కొనవద్దని నేననలేదు. నా మోటారు, నా గడ్డికత్తిరించు మిషను, నా ట్రాలీ, అన్నియు పాతవే. సర్కారు రాయితీ కొత్త పనిముట్లకే గాని పాతవానికి లేదని తెలిసియే కొంటిని. కాని సంతలో బర్రెను కొనునప్పుడు ఏమి చేయుదువు? పండ్లు చూచెదవు, పొదుగు తడవెదవు, రెండుపూటల పాలు నీచేత పిదికి చూచెదవు. నీటిలో పండుకొన్న బర్రెకు ఒడ్డుననుండి బేరమాడుదువా? త్రిప్పి చూపని యంత్రము నీటిలోని బర్రెయే. మరి బాగుచేయుట మాట. బేరింగునకు అంకె యుండును. ఆ అంకె చెప్పిన మోటార్ల దుకాణములో దొరకును. సీలు దొరకును. రబ్బరు రోలరు అరుగుట, మార్చుట బియ్యపుమిల్లులవారికి ఎరుకయే. అడిగినచో దారి చెప్పుదురు. ఆ పెట్టెలోని చక్రములు మాత్రము చేసినవాడే ఈయవలెను. వాడెవడో రేకుతోపాటు పోయినాడు. ఇంకొకటి, నీ ట్రాక్టరు 42. ఆ పళ్లెములను త్రిప్పుచు, రోలర్లను త్రిప్పుచు, చేనులో లాగుటకు 60కి తక్కువైన ట్రాక్టరు రొప్పును. యంత్రము కొన్న మూడవనెలలో ట్రాక్టరు కొనవలసివచ్చును.

అల్లుడు: అయిన ఏది కొనవలెనో అది చెప్పుడు. వద్దనుట సులభము.

మామ: దుకాణము మూలన, తుప్పుపట్టి, రంగులేక, ఎవరును చూడని పళ్లకోత యంత్రమును చూచితివా? ఐదడుగులది. వరికోత మిషనుకు ముందుండు కత్తెరవలె త్రికోణపు పళ్లు ఇటునటు ఆడి కోయును. అమెరికాలో మెకార్మిక్ 1834లో పేటెంటు పొందిన కోతయంత్రము నాటినుండి కోతకు ఆధారము ఆ ఆడెడు కత్తియే. మెల్లగా కోయును, వాలిన గడ్డిలో మొరాయించును, పన్ను విరుగును. కాని విరిగిన పన్నును రెండు రివెట్లు కొట్టి చేనులోనే మార్చవచ్చును. మన ప్రాంతమునకు ఇన్ని వరికోత మిషన్లు వచ్చుచున్నవి గదా. ఆ జాతి పళ్లు కొలతచూచి తెచ్చుకొన బాన్సువాడ దాటనక్కరలేదు. నీ 42 దానిని ఆటగా త్రిప్పును. పది గుంటల మడిలో తిరుగును. పళ్లెముల యంత్రమువలె రాళ్లను తూటాలవలె విసరదు. మన చెలకల్లో పిల్లలు మేకలను కాచుచుందురు, బిడ్డా.

అల్లుడు: దానిలో రోలరు లేదు. కాడను ఎవరు నలుపుదురు? నేను చూపిన కష్టము అట్లే యున్నది.

ఆ ప్రశ్నకు మేనమామ మౌనము వహించినప్పుడు నాకు నా బాల్యమునాటి కళ్లము జ్ఞప్తికి వచ్చినది. పేడతో అలికిన కళ్లము నడుమ మేడికట్టె, దానికి కట్టిన ఎడ్లబంతి, గిట్టలక్రింద గంటలకొలది నలిగి మెత్తనైన గడ్డి. ఆ బంతిగడ్డిని పశువులు ఎంత ఇష్టముగా తినెడివో చూచినవారు నేటి మిషనుగడ్డిని ఎంగిలిచేసి విడుచుటను చూచి ఆశ్చర్యపడరు. కాడను నలుపుట మనకు తెలియని విద్య గాదు; ధాన్యము కొరకు చేసిన పనిలో మేత తనంతట నలిగెడిది. వడ్లను విడదీయు పని యంత్రమునకు పోయిననాడు ఆ నలుపుట మన చేతినుండి జారినది. ఆ మాటను నేను పైకి అంటిని. వారిద్దరును నావైపు చూచిరి.

అప్పుడు అల్లుడే యొక పరీక్ష చెప్పెను. మేనమామ చేనులో పూతకు వచ్చిన జొన్న పది గుంటలు నిలిచియున్నది. పూతకు రాని లేతజొన్నలోను, నీరు లేక వాడిన జొన్నలోను నాము అను విషము ఎక్కువగా నుండి పశువును పడవేయును గనుక పూతవరకు ఆగియే కోయవలెను. ఎండునప్పుడు ఆ విషము చాలవరకు తగ్గును. ఆ పది గుంటలను కూలీలచేత కొడవళ్లతో కోయించి, సగమును చేనులో అట్లే పరచి, సగమును కళ్లపుబండపై పలుచగా పరచి దానిపై పాతరాతిగుండును ట్రాక్టరుతో నాలుగుమారులు దొర్లించి, చేనులోనే పరచితిమి. తడి తెలిసికొనుటకు వంటింటి ఉప్పు చాలును: మూతగల గాజుసీసాలో గుప్పెడు తరిగినమేత, ఒక చెంచాడు పొడి ఉప్పు వేసి కొంతసేపు కుదిపిన ఉప్పు గడ్డకట్టెనా మేతలో ఇంకను తడి యున్నదన్నమాట, రాలురాలుగా నున్నచో దాచవచ్చును.

నలిపిన చొప్ప మూడవనాటి మధ్యాహ్నమునకు ఉప్పును తడపలేదు. నలపనిది ఐదవనాటి సాయంకాలమునకు గాని ఆ స్థితికి రాలేదు. కణుపులదగ్గర గోటితో గీరిన అప్పటికిని చెమ్మ తగిలెను. మేనమామ రెండు కాడలను చేతబట్టుకొని విరిచి చూచి, "నీవు చెప్పిన రెండు దినములు ఇవిగో" అని మేనల్లుని చేతిలో పెట్టెను. మరియొక మాటయు అనెను: "కాని పది గుంటలకు ముగ్గురు మనుషులు ఒక పూట పట్టిరి. ఎకరంనరకు ఇట్లు చేయలేము."

ఆ రాత్రి వారిద్దరి నడుమ కుదిరిన నిర్ణయమును మాత్రము చెప్పి ముగింతును. ఎర్రరంగు యంత్రమునకు బయానా ఇయ్యలేదు. మూలనున్న పళ్లకోత యంత్రమును అన్నగారి ట్రాక్టరుకు తగిలించి దుకాణపు ముంగిటనే త్రిప్పి, ప్రక్కబీడులో కోయించి చూచి, మేనమామయు మేనల్లుడును ఇంకొక పొరుగురైతును మూడుపాళ్లు వేసికొని కొనిరి. నలుపుటకు ఐదడుగుల రోలరుజత విడిగా, తయారీరేకుతో, త్రిప్పి చూపువారి యొద్ద దొరకినప్పుడు అల్లుడు తన పాలసొమ్ముతో కొనవలెను. అందులో మామకు పాలులేదు, అడ్డును లేదు. కొట్టములో ఒక గూటిపై ఆ ఉప్పుసీసా నేటికిని ఉన్నది. మార్గశిరములో కోయవలసిన ముప్పది గుంటల మేతజొన్నకు విత్తనము పడినది.